కందులు, పెసలు, మినుములు – పుచ్చక ముందే చూచుకొనుట

ధర్పల్లి రైతునకు ఎండుట యననేమో వేరొకరు నేర్పవలసిన పనిలేదు. ఉడికించిన పసుపును కళ్ళములో పరచి, దినదినము తిరుగవేసి, తుదకు ఒక కొమ్మును చేతికి తీసికొని విరిచి చూచును. ఖంగుమని లోహము మ్రోగినట్లు మ్రోగి విరిగినచో ఎండినట్లు; వంగి, నారవలె సాగి విరిగినచో ఇంకను తడి యున్నట్లు. ఆ మ్రోతను విననిదే ఏ రైతును పసుపును సంచిలో కెత్తి నిజామాబాదు మార్కెటుకు తోలడు. పచ్చి పసుపునకు ధర రాదని ఆతడెరుగును.

అదే రైతు ఇంటి కందులను, పెసలను మాత్రము అంత శ్రద్ధగా చూచుట అరుదు. పసుపు అమ్మకపు సరకు, కందులు ఇంటి సరకు. ఇంటి సరకునకు తూకము లేదు, ధర కట్టువాడు లేడు. కావున రెండెండలు చూపి గోనెసంచిలో పోసి, గోడవార నిలబెట్టుదుము. ఆరుద్ర కార్తెకు మూతి విప్పి చూచునప్పటికి సగము గింజలకు రంధ్రములు, అడుగున పిండి, చేతిమీద ప్రాకు గోధుమరంగు పురుగులు. అప్పుడు చేయగలిగినది స్వల్పము. చేయవలసిన పని యంతయు అంతకు నాలుగు మాసముల ముందున్నది. ఆ పనిని గురించియే ఈ పాఠము.

ఎంత ఎండవలెను?

కొనుగోలు కేంద్రములలో కందులకు, పెసలకు, మినుములకు తేమ నూటికి 12 పాళ్ళు మించరాదని నియమము. పదకొండున్నర వచ్చినచో మన సరకు ఎండినదని సంతోషింతుము. ఇక్కడనే పొరపాటు కలుగుచున్నది. ఆ 12 అను అంకె అమ్మకమునకు సంబంధించినదే గాని, వానకాలమంతయు ఇంటిలో నిలువ యుంచుటకు సరిపోవునది కాదు. విత్తన ధ్రువీకరణ నియమములలో పప్పుధాన్యముల విత్తనమునకు సాధారణ సంచులలో 9 పాళ్ళు, తేమ చొరని పాత్రలలో 8 పాళ్ళు మించరాదని యున్నది. తినుటకుంచుకొను గింజకును ఆ 9 నే గురిగా పెట్టుకొనుట మేలు. 10 వరకు ఫరవాలేదు. 12 వద్ద సంచి మూతి కట్టినచో మఖ, పుబ్బ కార్తెల ముసురులో ఆ గింజ మరికొంత తేమ పీల్చి బూజు పట్టుటకు సిద్ధముగా నుండును.

మార్కెట్ యార్డులో తేమ కొలుచు యంత్ర మున్నది. అమ్మకమునకు సరకు తీసికొని పోయినప్పుడు ఇంటికుంచుకొను గింజను కూడ ఒక గుప్పెడు మూటగట్టి తీసికొనిపోయి కొలిపించుకొనుడు. యంత్రము దూరమైనచో పంటిని నమ్ముకొనవచ్చును. కందిగింజను పంటి క్రింద పెట్టి కొరుకుడు. టక్కున రెండు ముక్కలై పగిలినచో ఎండినది. పంటి గుర్తు పడి, నలిగి చితికినచో మరి రెండెండలు కావలెను. ఇది పసుపుకొమ్ము పరీక్షయే. చెవితో వినుటకు బదులు పంటితో వినుచున్నాము.

ఉప్పు పరీక్ష మరియొకటి కలదు. పొడిగా నున్న గాజుసీసాలో మూడవవంతు గింజలు, రెండు చెంచాల ఎండిన ఉప్పు వేసి మూత బిగించి కొంతసేపు కుదిపి, పది నిమిషములు కదపక ఉంచవలెను. ఉప్పు సీసా గోడలకు అంటుకొన్నచో గింజలో తేమ తప్పక ఎక్కువగా నున్నది. అయితే అంటుకొనకపోయినంత మాత్రమున గింజ ఎండినదని తలంచరాదు. ఈ పరీక్ష 15 పాళ్ళకు పైబడిన తడినే పట్టిచ్చును. అనగా ఇది 'కాదు' అని చెప్పగలదు గాని 'ఔను' అని చెప్పలేదు.

కందులు మంచి ఎండలలో చేతికి వచ్చును గనుక అంత చిక్కులేదు. చిక్కంతయు పెసలు, మినుములతోనే. ఇవి వానకాలపు నడుమ కోతకు వచ్చును. కాయ కోసిననాడే వాన, కళ్ళములో పోసిననాడే ముసురు. అట్టి సమయమున తడి కాయలను కుప్పవేసి పట్టా కప్పుట కంటె, కొట్టములోనో వసారాలోనో పలుచగా ఆరబోసి గాలి ఆడనిచ్చుట మేలు. కప్పిన కుప్ప లోపల వేడెక్కును. ఒక్క రాత్రిలోనే బూజునకు పాదు కుదురును. ఎండ వచ్చిన తరువాత మట్టినేలమీద గాక పట్టామీద రెండంగుళముల మందమున పరచి, గంట గంటకు కాలితో గీరి తిరుగవేయవలెను. సాయంకాలము వేడి గింజను వేడిగానే సంచిలో కెత్తరాదు. నీడను పూర్తిగా చల్లారనిచ్చి ఎత్తవలెను. వేడి గింజ సంచిలో చెమర్చి, ఆ చెమటతో తానే చెడును.

పురుగు ఎచ్చటినుండి వచ్చును?

పుచ్చుపురుగు సంచిలో పుట్టుననియు, పాత గోనెలలో పుట్టుననియు చాలమంది నమ్మకము. పాత గోనెలలో ఉండుట నిజమే. కాని మొదటి గ్రుడ్డు చేనులోనే పడును. కాయ పండి ఎండుచున్నప్పుడు తల్లిపురుగు ఎగిరివచ్చి కాయమీద గ్రుడ్లు పెట్టును. అందుండి వెడలిన పిల్లపురుగు కాయను తొలిచి గింజలోనికి పోవును. మీరు నూర్చి, చెరిగి, నిగనిగలాడు గింజను ఇంటికి తెచ్చునప్పటికే కొన్ని గింజలలో పురుగు కాపురముండును. అటుపైన దాని సంతతి సంచిలోని గింజమీదనే గ్రుడ్లు పెట్టుచు పోవును. ఇంటిలో పుచ్చిన సరకు ఉన్నచో ఆ పురుగులు మరల చేనికి ఎగిరిపోవును. కాబట్టి ఒకరి ఇంటి పుచ్చు ఊరి చేలకు విత్తనమని చెప్పవచ్చును.

గ్రుడ్డును గుర్తించుట నేర్చుకొనుడు. ఇది ఈ పాఠములో అన్నింటికంటె ముఖ్యమైన సంగతి. గింజను వెలుతురులో త్రిప్పి చూచినచో, ఆవగింజలో నాల్గవ వంతు కూడ లేని చుక్క, జిగురుబొట్టువలె అంటియుండును. గోటితో గీరినగాని ఊడదు. క్రొత్తగా పెట్టిన గ్రుడ్డు గాజువలె మెరయును. అది పాలవలె తెల్లబడినచో పొదిగినదని గుర్తు. పిల్లపురుగు గ్రుడ్డు క్రిందినుండియే గింజలోనికి తొలుచుకొని పోవుచు, ఆ పొట్టును వెనుకకు నెట్టి ఖాళీ పెంకును నింపును, అందుచేత తెల్లబడును. కాగా తెల్లచుక్క గల గింజకు రంధ్రము లేదని మురియరాదు. పురుగు లోపలనే యున్నది. మూడు నాలుగు వారములలో అది పెద్దదై, లోపలినుండి గింజ పైపొరను గుండ్రముగా కొరికి, కిటికీ తలుపువలె నెట్టుకొని బయటకు వచ్చును. మనము చూచు రంధ్రము పురుగు చొచ్చిన దారి కాదు, వెడలిన దారి.

పెద్దపురుగు ఏమియు తినదు. సుమారు పది పండ్రెండు దినములు బ్రదికి, గ్రుడ్లు పెట్టి చచ్చును. ఒక్క తల్లి సుమారు 80 గ్రుడ్లు పెట్టగలదు. వీనిలో సగము నశించెననుకొనుడు. మిగిలిన 40 లో 20 ఆడవి. మొదటి నెలకు 40 పురుగులు. రెండవ నెలకు 800. మూడవ నెలకు 16,000. నాల్గవ నెలకు 3,20,000. ఒక్కొక్కటి ఒక్కొక్క గింజను తిన్నదనుకొన్నను, కిలోకు సుమారు పదివేల కందిగింజలు తూగును గనుక, ఇది 32 కిలోలు. ఒక్క తల్లిపురుగు లెక్క ఇది. వేసవి వేడిమికిని, ఇరుకునకును కొన్ని చచ్చును గాన నిజముగా ఇంత జరుగదు. కాని మాఘమాసమున 'ఏదో రెండు పురుగులున్నవి' అనుకొన్న సంచి జ్యేష్ఠమాసమునకు ఎట్లగునో ఈ లెక్క చెప్పును. మొదటి రెండు నెలలలో కంటికి ఏమియు కనబడదు. ఆ రెండు నెలలే మన చేతిలో నున్నవి.

నిలువచేయు విధములు

తినుటకు ఉంచుకొను కందులను వీలైనంత త్వరగా పప్పుగా విరిపించుట మొదటి ఉపాయము. పుచ్చుపురుగునకు నిండుగింజ కావలెను. పొట్టు తీసి విరిచిన బద్దలో అది సరిగా వృద్ధిచెందదు. వెనుకటి ఇల్లాండ్రు కందులకు ఎర్రమట్టి పట్టించి, ఎండించి, వేసవిలోనే విసరి పప్పు చేసి, కుండలకెత్తుట ఊరక చేసిన పని కాదు. అయితే పప్పులో నూక, పొడి మిగిలినచో ఎర్రని పిండిపురుగు చేరును. చెరిగి, జల్లించి ఎత్తవలెను.

నిండుగింజలనే ఉంచవలసినచో నూనె పట్టించుట మంచిది. కిలో గింజలకు 5 మొదలు 7 మిల్లీలీటర్ల వరకు వేరుసెనగ నూనె గాని, వంటకు వాడు మరే నూనె గాని పోసి, ప్రతి గింజకు తళుకు వచ్చునట్లు చేతులతో కలియబెట్టవలెను. క్వింటాలునకు అర లీటరు మొదలు ముప్పాతిక లీటరు వరకు పట్టును. నూనె గ్రుడ్డునకు గాలి ఆడనీయదు. గింజ నునుపై గ్రుడ్డు సరిగా అంటదు. విత్తనమునకైనచో వేపనూనె వాడవచ్చును. తినుగింజకు చేదు గనుక పనికిరాదు. గింజలో అప్పటికే దూరిన పురుగును నూనె చంపలేదు. కనుక ఆలస్యమైన పిదప నూనె పోసి ఫలితము లేదని నిందించుట న్యాయము కాదు.

కుండలలో, బానలలో పోయువారు పైన మూడు వేళ్ళ మందమున ఎండిన సన్ననియిసుక గాని, జల్లించిన బూడిద గాని పరచుట పూర్వపు ఆచారము, మంచి ఆచారము. పైకి వచ్చిన పురుగు మరల దిగలేదు, క్రొత్త పురుగు చొరలేదు. వేపాకు వేయుట కూడ ఆచారమే. ఎండిన ఆకైనచో కొంత మేలు. పచ్చి ఆకు వేసి తేమను మనమే లోపలికి పంపుచున్నామని మరువరాదు.

గుమ్మి ఉన్న ఇండ్లలో దానిని ఖాళీ చేసి, పగుళ్ళను పేడమట్టితో పూడ్చి ఎండనిచ్చి వాడుకొనవలెను. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థవారు రూపొందించిన 'పూసా' కొట్టు మన గుమ్మికి చుట్టమే. మట్టి ఇటుకల గోడల నడుమ ప్లాస్టిక్ కాగితమును పొదుగుటయే దానిలోని విశేషము. తేమయు గాలియు లోనికి పోవు.

అన్నింటికంటె చౌకయైన ఉపాయము గాలి చొరని పాత్ర. ఆఫ్రికాలోని కామెరూన్ దేశమున బొబ్బర్లను ఇదే జాతి పురుగు తినివేయుచుండగా, అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమువారు 1980 దశాబ్దము చివర అచ్చటి రైతులతో కలసి ఒక సంచిని తయారుచేసిరి. లోపల రెండు మందపు ప్లాస్టిక్ సంచులు, పైన అల్లిక సంచి. ఒక్కొక్క సంచి మూతిని విడివిడిగా మెలిపెట్టి బిగించి కట్టుదురు. లోపలి పురుగులు ఊపిరి పీల్చి పీల్చి ఉన్న ప్రాణవాయువును తామే హరించుకొని, కదలలేక ఎండి చచ్చును. మందు లేదు, పొగ లేదు. ఈ సూత్రమును మన ఇంటిలోనే అమలుపరచవచ్చును. మూత బిగుతుగా నుండు ప్లాస్టిక్ డ్రమ్మును కడిగి ఎండబెట్టి, గింజను అంచువరకు నింపి, మూత చుట్టు మైనముగాని మట్టిగాని మెత్తి, కనీసము నెలన్నర తెరువక ఉంచవలెను. సగము నింపిన డ్రమ్ములో గాలి మిగిలి పురుగు బ్రదుకును. వారమున కొకసారి తీసి వండుకొను పప్పునకు చిన్న డబ్బా వేరుగా పెట్టుకొనుడు. తడిగింజను మాత్రము ఎన్నడును ఇట్లు మూయరాదు. గాలి చొరని పాత్ర తేమను కూడ వెడలనీయదు.

మందుల మాట

పాత వ్యవసాయ పుస్తకములు ఇంటిలో దాచిన వారున్నారు. వానిలో ఇంటి ధాన్యమునకు ఇ.డి.బి. గొట్టములు వాడుమనియు, గోనెలపై బి.హెచ్.సి. పొడి చల్లుమనియు వ్రాసియుండును. బి.హెచ్.సి. ని 1997లో, ఇ.డి.బి. ని 2001లో మన దేశమున నిషేధించిరి. ఆ పేజీలను చదివి ఇప్పుడు ఆచరింపరాదు.

అంతకన్న పెద్ద ప్రమాదము అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు. ఇవి గాలిలోని తేమ తగిలి విషవాయువును వదలును. ఆ వాయువునకు విరుగుడు లేదు. ప్రభుత్వ నిపుణుల పర్యవేక్షణలో, శిక్షణ పొందినవారు గోదాములలో వాడుటకే అనుమతి కలదు. అయినను చేతి బదులుగా ఒక బిళ్ళ సంపాదించి, పడకగదిలో నున్న సంచిలో వేసి మూతి కట్టి, ఆ గదిలోనే పిల్లలతో పండుకొనువారున్నారు. గోనెసంచి వాయువును ఆపదు. వెల్లుల్లి వాసనవంటిది, కుళ్ళిన చేపవాసనవంటిది గదిలో తోచినచో తక్షణమే అందరును బయటకు వచ్చి, తలుపులు తెరచియుంచి, తల త్రిప్పుట గాని వాంతి గాని యున్నవారిని ఆసుపత్రికి కొనిపోవలెను. నలుబది కిలోల కందులకై ఇంటిని పణముగా పెట్టుట తగునా?

తినే పప్పునకు బోరిక్ పొడి పట్టించుట, డబ్బాలో పాదరసపు బిళ్ళ వేయుట పట్టణపు వంటయిండ్లనుండి పల్లెలకు వచ్చిన అలవాట్లు. రెండును విషములే. మానుకొనవలెను.

అప్పుడే పుచ్చు మొదలైన తినుగింజలకు వేసవి ఎండయే మందు. చైత్ర వైశాఖములలో నల్లని ప్లాస్టిక్ పట్టామీద వ్రేలిమందమున గింజ పరచి, పైన తెల్లని పారదర్శకపు పట్టా కప్పి, అంచులపై రాళ్ళు పెట్టి మధ్యాహ్నమంతయు ఉంచినచో లోపలి వేడిమి 60 డిగ్రీలు దాటి, గింజలోని పురుగు కూడ చచ్చును. విత్తనపు గింజకు ఇంత వేడి చూపకుండుట క్షేమము.

చెడినదని ఎట్లు గుర్తింపవలెను?

పదునైదు దినముల కొకసారి సంచి విప్పుడు. పైగింజ చూచి మూతి కట్టిన చూచినట్లు కాదు. మోచేతివరకు చేయి దూర్చి మధ్యనుండి ఒక గుప్పెడు, గోడవైపు అడుగునుండి ఒక గుప్పెడు తీయవలెను. చేతికి వేడి తగిలినచో లోపల పురుగుగాని బూజుగాని పనిచేయుచున్నది. తరువాత వాసన చూడవలెను. మంచి కందులకు మట్టివాసన, పొట్టువాసన ఉండును. ముక్కవాసన గాని, పుల్లని వాసన గాని తోచినచో ఎండలో పోసినంత మాత్రమున అది శుద్ధి కాదు. పిమ్మట నూరు గింజలు లెక్కించి పళ్ళెములో పోసి, తెల్లచుక్కలున్న వానిని, రంధ్రము లున్న వానిని వేరుచేయుడు. విత్తనమునకు పురుగు తిన్న గింజ నూటికి ఒకటి మించరాదని నియమము. కందులు, పెసలు, మినుములు నూటికి 75 గింజలైనను మొలవవలెను. తడిగుడ్డలో నూరు గింజలు చుట్టి నాలుగైదు దినములు చూచినచో ఆ లెక్క ఇంటిలోనే తేలును. పుచ్చుగింజ మొలచినను మొక్క బలహీనము.

గుర్తులన్నియు ఒకే విలువ గలవి కావు. పాతబడి రంగు తగ్గిన కందులు, ఎంత ఉడికించినను మెత్తబడని పప్పు, వేడికిని తేమకును ఏండ్లు గడచిన గింజలు. రుచి తక్కువే గాని వీనివలన హాని లేదు. నానబెట్టి వండుకొనవచ్చును. అక్కడక్కడ రంధ్రములున్న గింజలను చెరిగి, జల్లించి, ఏరి, వెంటనే వండుకొనవచ్చును; నిలువకు పనికిరావు. సగమునకు సగము డొల్లలై పురుగు రెట్టతో, పిండితో కంపుకొట్టు గింజలను తినరాదు. బూజు పట్టిన గింజ వేరు జాతి. దీనిలో బేరము లేదు. ఆకుపచ్చగా, పసుపుపచ్చగా పొడివలె పట్టు బూజు అఫ్లాటాక్సిన్ అను విషమును పుట్టించగలదు. అది కాలేయమును చెరచును. కడిగినను, వేయించినను, ఉడికించినను పూర్తిగా పోదు. బూజును తుడిచి నిగనిగలాడించిన గింజలో కూడ ఉండును.

ఈ విషము వేరుసెనగలో, మక్కలలో ఎక్కువ. పప్పుగింజలలో తక్కువే గాని, తడిసి బూజు పట్టినచో అవియు మినహాయింపు కావు. 1974లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాలలో ఏమి జరిగెనో వినుడు. (ఇది మన పొరుగుననున్న బాన్సువాడ కాదు.) కోతవేళ అకాలవర్షములకు తడిసిన మక్కలను పేద గిరిజన కుటుంబములు నిలువచేసికొని, వేరు తిండిలేక బూజువే తినిరి. కామెర్లు, కడుపులో నీరు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వైద్యులు పరిశీలించిన 397 మంది రోగులలో 106 మంది మరణించిరి. అదే తిండి పంచుకొన్న కుక్కలును ఇట్లే చచ్చెను. మన ప్రాంతమునను పసుపులో మక్కలు వేయు అలవాటున్నది. కందులకు చెప్పిన జాగ్రత్త మక్కలకు రెట్టింపు వర్తించును.

'మేము తినము, పశువులకు వేయుదుము' అనువారు కలరు. 1960లో ఇంగ్లండున బూజు పట్టిన వేరుసెనగపిండి తిని లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చినందువలననే ఈ విషము లోకమునకు తెలియవచ్చెను. పాడిపశువు తిన్నచో విషములో కొంత పాలలోనికి వచ్చును. ఆ పాలు మన పిల్లలే త్రాగుదురు. మంచి గింజలో కొద్దికొద్దిగా కలిపి అమ్ముట సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆ సంచి ఎవరి ఇంటి పొయ్యిమీదకు పోవునో ఎవరికిని తెలియదు. బూజు గింజను ఊరికి, బావికి దూరముగా గోతిలో పూడ్చివేయుడు.

గ్రామాధికారులకు

అంగన్‌వాడీలలోను, బడి వంటశాలలలోను ఉండు పప్పును ఎవరి సొంత సరకు కాదు గనుక ఎవరును చేయి దూర్చి చూడరు. పంచాయతీ కార్యదర్శులు, వ్యవసాయ విస్తరణాధికారులు ఊరికి వచ్చినప్పుడు ఆ గది తలుపు తీయించుట మంచిది. సంచులు నేలమీద గాక చెక్కలమీద ఉన్నవా, గోడకు జానెడు ఎడమున్నదా, పైకప్పు కారుచున్నదా, ముందు వచ్చిన సంచి ముందు వాడుచున్నారా అని చూచి, మధ్యనుండి ఒక గుప్పెడు తీసి వాసన చూడవలెను. వాసన బాగులేనిచో ఆ దినము వండించవద్దు. ఆ సంచిని వేరుగా పెట్టించి పైవారికి వ్రాసి మార్పించుడు. ఖాళీ అయిన గోనెలను లోపల మడచి ఉంచక, త్రిప్పి దులిపి, మరుగునీటిలో ముంచి, రెండెండలలో ఆరవేయించవలెను. క్రొత్త పంట ఇంటికి రాకముందే గదిని ఊడ్చి, మూలల పొడిని ఎత్తి కాల్చి, గోడలకు సున్నము వేయించవలెను. పెసలకైనచో మఖ కార్తెకు ముందు, కందులకైనచో సంక్రాంతికి ముందు ఈ పని ముగియవలెను.